చిన్న కారు, స్పోర్టీగా ఉండాలి, ఇంటికీ పనికిరావాలి: ఐ20 ఎన్ లైనా, పాత పోలో జీటీనా?

మూడోగేరు:
పొద్దున్నుంచి వీడియోలు చూసీ చూసీ కళ్లు మండుతున్నాయి. ఒకళ్లు కళ్లు మూసుకుని కొనెయ్యమంటారు, ఇంకొకళ్లు దాని జోలికే పోవద్దంటారు. చిన్న హ్యాచ్‌బ్యాక్ కావాలి. నడుపుతుంటే హుషారు రావాలి, ఇంటి అవసరాలకు సరిపోవాలి. ఎస్‌యూవీలు చూపించకండి, నాకు వద్దు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కొత్తది తీసుకోవాలా, సెకండ్ హ్యాండ్‌లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ తీసుకోవాలా? పోలో ఒకటి చూశాం. 2017 మోడల్, ఎరుపు, చాలా నీట్‌గా ఉంది. బడ్జెట్ 12. రెండిట్లో ఏదో ఒక్కటి చెప్పండి ప్లీజ్, దీని గోలలో ఆఫీసు పని కూడా సాగట్లేదు.

గ్యారేజీ_రాత్రులు:
టెస్ట్ డ్రైవ్ చేసినవా?

మూడోగేరు:
ఎన్ లైన్ చేశాను. షోరూం చుట్టూ ఒక రౌండు తిప్పారు.

గ్యారేజీ_రాత్రులు:
అది టెస్ట్ డ్రైవ్ కాదు.

టైరుముఖ్యం:
బ్రో, కారు సంగతి తర్వాత, ముందు టైర్లు చూడండి. ఎన్ లైన్‌కు వచ్చేది 195/55 ఆర్16. అంటే టైరు వెడల్పులో 55 శాతమే పక్కగోడ ఎత్తు. మలుపుల్లో గట్టిగా పట్టుకుంటుంది, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. కానీ వానాకాలం గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా అల్లాయ్ చక్రానికి తగులుతుంది. పోలో చూశానన్నారు కదా, దాని టైరు పక్కన తేదీ కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి, చదివారా? 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. రబ్బరు మీద గీతలు లోతుగా ఉన్నా సరే, అంత పాత టైరు గట్టిపడిపోయి ఉంటుంది, తడి రోడ్డు మీద బ్రేకు పట్టదు. నాలుగూ మార్చాలంటే ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఇంకో మాట, గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. బంకులో అబ్బాయి అన్ని కార్లకూ 35 కొట్టేస్తాడు, ఒప్పుకోవద్దు.

ఘాట్‌రోడ్డు:
టైర్ల సంగతి నిజమే గానీ, ఆ రెండు కార్లలో ఏదని తేల్చాలంటే కొన్ని తెలియాలండి. ఏ ఊరు? రోజూ ఎంత దూరం, ఎలాంటి రోడ్డు? మీరొక్కరే నడుపుతారా, ఇంట్లో ఇంకెవరైనానా? వెనక సీట్లో రోజూ ఎవరు కూర్చుంటారు? 12 అంటే ఆన్‌రోడ్డా, ఎక్స్‌షోరూమా? ఎన్ లైన్‌లో మీరు నడిపింది మాన్యువలా, డీసీటీనా (అందులో వచ్చే ఆటోమేటిక్)?

మూడోగేరు:
హైదరాబాద్ అండీ. మియాపూర్ నుంచి గచ్చిబౌలి. నేను నడిపింది మాన్యువల్, చాలా బాగుంది, థర్డ్ గేర్‌లో లాగుతుంటే నవ్వు ఆగలేదు. కొనేది మాత్రం ఆటోమేటిక్. మా ఆయనకు క్లచ్ అలవాటు లేదు, ఆయన ఆటోమేటిక్ ఒక్కటే నడుపుతారు. 12 అంటే అన్నీ కలిపే. నెలకోసారి సూర్యాపేట మీదుగా ఖమ్మం వెళ్తాం, అత్తయ్యా మామయ్యా మాతో వస్తారు, పాపకు చైల్డ్ సీటు.

టైరుముఖ్యం:
సారీ అక్కా, బ్రో అనేశాను. చైల్డ్ సీటు ఉందంటే దాన్ని కారు సీటుకు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు చూసుకోండి, అది ముఖ్యం.

లెక్కలమాస్టారు:
అమ్మా, అన్నీ కలిపి 12 అన్నారు కాబట్టి వేరియంట్ ఎంచుకునేముందు ఒక సంగతి చూసుకోండి. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కారు ధరను బట్టి మారుతుంది. 5 నుంచి 10 లక్షల వరకు 14 శాతం, 10 దాటితే అంతకన్నా ఎక్కువ. ఆ ఎక్కువ రేటు మొత్తం ధర మీద పడుతుంది, 10 దాటిన భాగం మీద మాత్రమే కాదు. 9.9 లక్షల కారుకు పన్ను 1.39 లక్షల దాకా, 10.5 లక్షల కారుకు అంతకన్నా బాగా ఎక్కువ. ధరలో తేడా 60 వేలే అయినా, పన్ను తేడా గట్టిగానే ఉంటుంది. సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కు పోయేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. జీఎస్టీ వరకు మీకు మేలే జరిగింది: 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమే, సెస్సు కూడా లేదు. ఎన్ లైన్ ఇంజిన్ 998 సీసీ, అందులోకే వస్తుంది.

మరి ఆ పోలో ఏ రిజిస్ట్రేషన్?

మూడోగేరు:
కేఏ మాస్టారూ. బెంగళూరు బండి. ఓనర్ ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చారు. అదేమైనా ఇబ్బందా?

లెక్కలమాస్టారు:
ఇబ్బంది కాదు, ఖర్చు, తిరుగుడు. ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి, ఫారం 28. లోను ఉండి తీరిపోయి ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35తో ఆర్సీలో బ్యాంకు పేరు తీయించాలి. ఓనరు పేరు మార్పుకు ఫారాలు 29, 30. బండి వయసును బట్టి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కర్ణాటకలో కట్టినదాంట్లో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు. ఇవన్నీ ఎవరు చేయిస్తారో, ఎవరి జేబులోంచో అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి. ఇన్సూరెన్సు 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఓనరుది, బండిది కాదు. బండితో పాటు వచ్చేస్తుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. 2017 పెట్రోలు బండికి రిజిస్ట్రేషన్ 2032 దాకా ఉంటుంది.

కూల్‌నైట్:
ఎన్ లైన్ అంటే అసలు స్పోర్టీ కారే కాదు. యూరప్‌లో అమ్మిన ఐ20 ఎన్ వేరు, దానిది 1.6 లీటర్ల టర్బో, 204 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). మనకిచ్చింది 1 లీటరు, 120 పీఎస్, ఎర్ర గీతలు. నిజమైన హాట్ హ్యాచ్ (బలమైన ఇంజిన్ ఉన్న స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్) కావాలంటే ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 2025లో వచ్చింది, చూడండి.

గ్యారేజీ_రాత్రులు:
దాని ధర 50 లక్షల పైన. ఆమె బడ్జెట్ 12.

కూల్‌నైట్:
నేనన్నది కొనమని కాదు, పేరు సరిగా వాడమని.

ఘాట్‌రోడ్డు:
ఎర్ర గీతలే అనడం న్యాయం కాదండీ. మామూలు ఐ20 కన్నా సస్పెన్షన్ బిగుతుగా ఉంటుంది, స్టీరింగ్ బరువుగా ఉంటుంది, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే. అరకు ఘాట్ దిగుతుంటే ఆ తేడా చేతులకు తెలుస్తుంది.

మూడోగేరు గారూ, మీ ఇంట్లో నడిపేది ఇద్దరు, అందులో ఒకరికి ఆటోమేటిక్ తప్పదు అన్నారు చూడండి, ప్రశ్న అక్కడే మొత్తం మారిపోయింది. 2017 జీటీ టీఎస్ఐ 1.2 లీటరు, 105 పీఎస్, 7 గేర్ల డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్ తన డీసీటీకి పెట్టిన పేరు). ఎన్ లైన్ ఆటోమేటిక్ 7 గేర్ల డీసీటీ. రెండూ డ్రై క్లచ్ రకం, అంటే క్లచ్ చుట్టూ చల్లబరిచే ఆయిల్ ఉండదు. హైవే మీద వాటికి తిరుగులేదు. వాటికి పడనిది ఒక్కటే, అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్. మీ పార్కింగ్ ఎక్కడ?

మూడోగేరు:
సెల్లార్ అండీ. రెండో లెవెల్, బాగా నిటారు ర్యాంపు. పైన గేటు దగ్గర వాచ్‌మన్ గొలుసు తీసేదాకా ర్యాంపు మీదే ఆగాలి. దానికీ గేర్‌బాక్స్‌కూ ఏంటి సంబంధం? ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటే కదా? ఫ్రెండ్ దగ్గర స్విఫ్ట్ ఏఎంటీ ఉంది, ర్యాంపు బాగానే ఎక్కుతుంది.

ఘాట్‌రోడ్డు:
ఒకటి కాదండీ, మీ ఇంటికి ఈ తేడానే ముఖ్యం. ఏఎంటీలో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మీ కాలు చేసే క్లచ్ పని మోటారు చేస్తుంది. చవక, మైలేజీ బాగుంటుంది, కానీ గేరు మారినప్పుడల్లా కారు ఒక్క క్షణం ఆగినట్టవుతుంది. హుషారు కోరుకునే మీకు అది నచ్చదు. డీసీటీలో రెండు క్లచ్‌లు. ఒక గేరులో నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది, అందుకే అంత వేగం. మూడోది టార్క్ కన్వర్టర్. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇంజిన్ బలం ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు వెళ్తుంది. నెమ్మదిగా పాకేటప్పుడు అరిగిపోవడానికి మధ్యలో క్లచ్ ప్లేటు ఉండదు.

మీ ర్యాంపు మీద గొలుసు తీసేదాకా ఆగాలన్నారు. డ్రై డీసీటీ కారును అక్కడ బ్రేకు తొక్కి ఆపితే ఏ నష్టమూ లేదు. బ్రేకు వదిలేసి, వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో నిలబెడితే మాత్రం క్లచ్ ప్లేట్లు సగం పట్టుకుని రాసుకుంటూ ఉంటాయి. కాలిన వాసన వస్తుంది, వేడి ఎక్కువైతే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది. మీ ఆయనకు ఇది అలవాటు కావాలి. ట్రాఫిక్‌లోనూ అంతే, ముందు కారు అడుగు కదలగానే మనమూ కదలడం కాదు, కాస్త ఖాళీ వచ్చాక ఒకేసారి కదలాలి.

2017 డీఎస్‌జీ అంటే మెకట్రానిక్స్ యూనిట్ (గేర్లు మార్చే కంట్రోల్ భాగం) ఖర్చు గురించి కూడా ఆలోచించాలి. అది పోతే బిల్లు లక్షల్లో ఉంటుంది. సర్వీసు రికార్డు, కంప్యూటర్ స్కాన్ లేకుండా ఆ ఎర్ర పోలో మీద అడ్వాన్సు ఇవ్వకండి. స్కాన్‌కు ఓనర్ ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి.

గ్యారేజీ_రాత్రులు:
పోలో వెనక సీట్ల అత్త, మామ, చైల్డ్ సీటు. ఒకసారి కూసోబెట్టి చూడు. ఖమ్మం దాకా కష్టం.

ఇంధనంలెక్క:
ఎవరూ ఈ20 గురించి మాట్లాడట్లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లు దానికి తగ్గట్టు వస్తున్నాయి. 2017 పోలో అలా చేసింది కాదు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ. పెట్రోలు కోసం డిజైన్ చేసి ఈ10కి (10 శాతం ఇథనాల్) సరిచేసిన కార్లకు మైలేజీ 6, 7 శాతం పడిపోతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. రబ్బరు పైపులు, సీళ్ల సంగతి వేరే. పాత టర్బో కారు కొనేముందు ఇది ఆలోచించాలి.

కూల్‌నైట్:
మైలేజీ చూసుకునేవాళ్లు టర్బో కొనకూడదు.

ఇంధనంలెక్క:
రోజూ ఆఫీసుకు నడిపే కారు ఇది. మైలేజీ ఎందుకు చూసుకోకూడదు?

ఘాట్‌రోడ్డు:
మూడోగేరు గారూ, టార్క్ కన్వర్టర్‌తో, టర్బోతో రెండు దారులున్నాయి. ఒకటి 2020 తర్వాతి పోలో 1.0 టీఎస్ఐ ఆటోమేటిక్. 110 పీఎస్, 6 గేర్లు, అందులో డీఎస్‌జీ లేదు. 2022లో పోలో ఆపేశారు కాబట్టి దొరికేది సెకండ్ హ్యాండే, వెనక సీటు ఇరుకూ అలాగే ఉంటుంది. రెండోది మారుతి ఫ్రాంక్స్ 1.0 టర్బో ఆటోమేటిక్. 100 పీఎస్, 6 గేర్లు, స్టీరింగ్ వెనక గేర్లు మార్చే పాడిల్స్. ఎన్ లైన్ అంత పదును లేదు, కానీ మీ ఇంటి పనులన్నీ చేస్తుంది.

మూడోగేరు:
ఎస్‌యూవీ వద్దన్నాను కదండీ.

గ్యారేజీ_రాత్రులు:
ఫ్రాంక్స్ ఎస్‌యూవీ కాదు. బలెనోనే, కొంచెం ఎత్తు లేపిన్రు.

కూల్‌నైట్:
క్రాసోవర్ అనాలి. ఎత్తు పెరిగితే బాడీ రోల్ (మలుపులో కారు పక్కకు వాలడం) పెరుగుతుంది, హ్యాచ్‌బ్యాక్‌లా తిరగదు.

టైరుముఖ్యం:
అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే ఎక్కడానికి ఆ ఎత్తు మేలు. దానికి కూడా ఆర్16 టైర్లే, పక్కగోడ ఎక్కువ, గుంతలకు ఓర్చుకుంటుంది.

లెక్కలమాస్టారు:
టాటా ఆల్ట్రోజ్ రేసర్ ఎవరూ అనలేదు. 120 పీఎస్, డిక్కీ 345 లీటర్లు, డోర్లు 90 డిగ్రీల దాకా తెరుచుకుంటాయి, పెద్దవాళ్లకు హాయి.

ఘాట్‌రోడ్డు:
మంచి కారే మాస్టారూ, కానీ మాన్యువల్ ఒక్కటే. వాళ్లాయన నడపలేరు.

మూడోగేరు:
సరే, పోలో ఓనర్‌కి స్కాన్ సంగతి చెబితే "అంత అనుమానం ఉంటే వద్దులెండి" అన్నారు. అది వదిలేశా. ఎన్ లైన్ డీసీటీని మా అపార్ట్‌మెంట్‌కే తీసుకొస్తామన్నారు షోరూం వాళ్లు, శనివారం. మా ఆయన చేతే ర్యాంపు ఎక్కిస్తాను. అది కుదరకపోతే ఫ్రాంక్స్ కూడా చూస్తాం. మనసు మాత్రం ఎన్ లైన్ మీదే ఉంది.

ఘాట్‌రోడ్డు:
ర్యాంపు ఒక్కసారి కాదు, అయిదారు సార్లు ఎక్కించండి. గొలుసు దగ్గర ఆపి, అత్తయ్యగారినీ మామయ్యగారినీ వెనక కూర్చోబెట్టి, ఏసీ ఆన్‌లో ఉంచి. తర్వాత సాయంత్రం ఆరు గంటల వేళ గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో నడపండి. అక్కడ కూడా మీ ఇద్దరికీ నచ్చితే, ఎన్ లైనే తీసుకోండి. మనసు పెట్టి నడిపేవాళ్ల చేతిలో ఉండాల్సిన కారే అది.

మూడోగేరు:
థ్యాంక్స్ అండీ. మాస్టారికి కూడా.

కొత్తమెంబర్:
అందరికీ నమస్తే. నాది 2018 స్విఫ్ట్, 185/65 ఆర్15. 195 వేస్తే ఏమైనా ప్రాబ్లమా?

టైరుముఖ్యం:
తమ్ముడూ, వేరే పోస్టు పెట్టు, వివరంగా చెప్తా. రిమ్ వెడల్పు కొలిచి రాయి.