లాస్ వెగాస్‌లో సొంత ఇంటి పచ్చికను తీసేయవలసిందేనా?

ప్రశ్న: మేము ఇక్కడ కొన్న పాత ఇంటికి ముందూ వెనుకా పచ్చికే ఉంది. 2027 నుంచి దానికి నీరు పెట్టడం నిషేధమని విన్నాను. ఇది మాకూ వర్తిస్తుందా?

మొదటి జవాబు: వర్తించదండీ. లాస్ వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో 2021లో వచ్చిన ఏబీ (అసెంబ్లీ బిల్లు) 356 చట్టం ప్రకారం, కేవలం అలంకారానికి పెంచే పచ్చికకు 2027 జనవరి 1 నుంచి కొలరాడో నది నీటిని వాడకూడదు; అయితే అది రోడ్ల మధ్య పట్టీలకు, వాణిజ్య సముదాయాలకు, గృహ సంఘాల ఉమ్మడి స్థలాలకే గాని విడి ఇళ్లకు కాదు.

రెండో జవాబు: చట్టం అడగకపోయినా ముందు వైపు తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో వాడిన నీరు శుద్ధి అయి, నగరానికి నీరిచ్చే కొలరాడో నది జలాశయమైన మీడ్ సరస్సుకు తిరిగి చేరుతుంది, పచ్చికకు పోసినది మాత్రం ఎండకు ఆవిరైపోతుంది. పచ్చిక తీసి ఎడారి మొక్కలు, బిందు సేద్యం పెట్టుకుంటే దక్షిణ నెవాడా జల సంస్థ చదరపు అడుగు లెక్కన రాయితీ ఇస్తుంది. తొందరపడి ముందే పెకలించకండి. దరఖాస్తు ఆమోదం పొందాకే పని మొదలుపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. పిల్లల ఆటకు వెనుక భాగం ఉంచుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు: నిరభ్యంతరంగా. కానీ నీరు మీకు కేటాయించిన రోజుల్లోనే పెట్టాలి. ఆదివారం స్ప్రింక్లర్లు ఏడాది పొడవునా నిషేధం.