జార్జియా మూడు గొంతుల పాట: శ్రుతి జారుతోంది, ఒరిపిడి నిలవడం లేదు, ఏం చేయాలి?

కాకసస్ ప్రాంతపు జార్జియా పాటలను నోటేషన్ లేకుండా, విని పాడే పద్ధతిలో వర్క్‌షాప్‌లో నేర్పుతున్నాం. మొత్తం 24 మంది. అడుగు గొంతైన మంద్రంలో 12, పై రెండు గొంతులకు ఆరుగురు చొప్పున.

తూర్పు జార్జియాలోని కాఖేతి ప్రాంతపు తరహా పాటల్లో మంద్రం ఒకే స్వరం పట్టి నిలుస్తుంది, అప్పుడప్పుడు ఒక మెట్టు కదులుతుంది. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే తిరిగి అందుకున్నప్పుడల్లా స్వరం దిగుతోంది. పక్కవాళ్లతో వంతులేసుకోమన్నాం, కొంత నయం.

అసలు బెడద వేరే ఉంది. పై గొంతులు పక్కపక్క స్వరాల్లో ఒరుసుకోవాల్సిన చోట, కొత్తవాళ్లు అపస్వరమనుకుని స-రి దూరాన్ని స-గ చేసేస్తున్నారు. ఆ ఒరిపిడి పోతే ఇక పాటెక్కడిది! శ్రుతిపెట్టె పెడదామంటే మంద్రం కదిలినచోట అదే అడ్డం.

ఆ ఒక్క దూరాన్ని చెవికి అలవాటు చేసే సాధన ఏదైనా ఉందా? పై గొంతులను ఎదురెదురుగా నిలబెట్టాలా, మంద్రాన్ని మధ్యలోకి తేవాలా?