లిఫ్ట్ వేసినా టైరు తగులుతోంది: ఇంకా లేపాలా, కోయాలా, వీల్ మార్చాలా?

లో_రేంజ్:
బండికి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక లీఫ్ స్ప్రింగుల మీద సాలిడ్ యాక్సిల్. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చి బండిని 2 అంగుళాలు లేపించాను. కంపెనీ టైర్లు 265/70 ఆర్17 తీసేసి 285/70 ఆర్17 ఎక్కించాను. వీల్స్ కూడా మార్చాను, వెడల్పు అదే, కానీ పాతవి ప్లస్ 30 ఆఫ్‌సెట్ (వీల్ బిగించే ముఖం వీల్ మధ్య గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో ఆ లెక్క; తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది), ఇవి జీరో. రోడ్డు మీద ఏ గొడవా లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే మాత్రం ముందు టైరు వెనకవైపు లైనర్‌కి (చక్రం చుట్టూ లోపల ఉండే ప్లాస్టిక్ తొడుగు) బర్రుమని రాసుకుంటోంది. గుంతలో ఒక చక్రం బాగా పైకి ముడుచుకుంటే ఆర్చ్ (చక్రం పైన బాడీ వంపు) లోపల కూడా తగులుతోంది. లిఫ్ట్ వేసినతను ఇంకో 2 అంగుళాలు లేపితే పోతుందంటాడు, స్నేహితులు తగిలే చోట కోసెయ్ అంటారు. కొత్త బండి మీద రంపం పెట్టాలంటే మనసొప్పడం లేదు. ఏది కరెక్ట్?

బురదరాజా:
లేపెయ్ బ్రో. చోటు చాలట్లేదు, చోటు పెంచు, అంతే. కోసింది మళ్లీ అతుక్కోదు, లిఫ్ట్ అయితే ఎప్పుడైనా తీసెయ్యొచ్చు.

స్పానర్:
ఈ సలహా విని ఎంతమంది డబ్బు పోగొట్టుకుంటారో. స్ప్రింగుతో చేసే లిఫ్ట్ బండి నిలబడి ఉన్నప్పటి ఎత్తును మారుస్తుంది, అంతే. చక్రం పూర్తిగా పైకి వెళ్లినప్పుడు దాన్ని ఆపేది బంప్ స్టాప్. బంప్ స్టాప్ పాత చోటే ఉంటే, 2 అంగుళాలు లేపినా 4 లేపినా టైరు చివరికి వెళ్లి తగిలేది అదే చోట. స్ప్రింగు గట్టిపడింది కాబట్టి తక్కువసార్లు తగులుతుంది. తగలడం మాత్రం ఆగదు.

ఇప్పుడు మీ లెక్క చూడండి. 265/70 ఆర్17 అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, టైరు పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 17 అంగుళాలు. పాత టైరు ఎత్తు సుమారు 803 మిల్లీమీటర్లు, కొత్తది 831. అంటే పైకి పెరిగింది ఆ తేడాలో సగం, 14 మిల్లీమీటర్లే. వెడల్పు 20 పెరిగింది, చెరో పక్కకి 10. దానికి తోడు వీల్ ఆఫ్‌సెట్ వల్ల మొత్తం చక్రం 30 బయటికి జరిగింది. మొత్తం కలిపితే టైరు బయటి అంచు 40 మిల్లీమీటర్లు బయటికొచ్చింది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తన మధ్యలో తిరగదు, లోపల పైనా కిందా దాన్ని పట్టుకునే బాల్ జాయింట్లని కలిపే గీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీత నుంచి టైరు ఎంత దూరం జరిగితే అంత పెద్ద వంపు గీస్తూ ముందు బంపర్‌కీ వెనక లైనర్‌కీ దగ్గరవుతుంది. మీ అసలు సమస్య ఆ 40. ఈ 14 కాదు.

బురదరాజా:
గురూ, లెక్కలు బాగున్నాయి కానీ 4 అంగుళాల బ్రాకెట్ కిట్ వేసిన బళ్లు ఎన్ని చూడలేదు? వాటికి తగలదు కదా. దానికేమంటావ్?

స్పానర్:
బ్రాకెట్ కిట్ అయితే నీ మాట నిజమే, ఒప్పుకుంటా. అందులో కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే చేతులు), డిఫరెన్షియల్ (రెండు చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) మొత్తం కిందికి దిగుతాయి, చక్రం ఆగే చోటు కూడా దిగుతుంది. బాడీ లిఫ్ట్ కూడా అంతే, ఫ్రేమ్ మీద నుంచి బాడీయే పైకి లేస్తుంది కాబట్టి ఆర్చ్ దూరమవుతుంది. కానీ ఈయనకి చెబుతున్నది అది కాదు, ఉన్న స్ప్రింగు తీసి ఇంకా పొడుగుది పెట్టడం. అలా చేస్తే ముందు యాక్సిల్ షాఫ్టులు మరీ ఏటవాలుగా మారి, సీవీ జాయింట్ల (ఆ షాఫ్టుల చివర మడిగే కీళ్లు) రబ్బరు బూట్లు చిరుగుతాయి. తగలడం పోదు, పైగా కొత్త ఖర్చు.

ఇరుకుదారి:
అసలు 285 ఎందుకు? 255/80 ఆర్17 దొరికితే చూడండి. ఎత్తు దాదాపు 840, అంటే మీ 285 కన్నా ఎత్తే. వెడల్పు మాత్రం కంపెనీ టైరు కన్నా 10 తక్కువ. స్టీరింగ్ తేలిక, రాళ్ల మధ్య సందుల్లో హాయిగా దూరుతుంది. లోడ్ రేటింగ్ (టైరు మోయగల బరువు) ఒక్కటి బండికి సరిపోతుందో లేదో చూసుకోండి.

బురదరాజా:
ఇసుకలోకి వెళ్తే ఆ సన్న టైరుతో పాతుకుపోతాడు.

ఇరుకుదారి:
గాలి తగ్గించుకుంటే టైరు నేలకి ఆనే చోటు పెరిగేది ముఖ్యంగా పొడుగులో, వెడల్పులో కాదు. ఎత్తు టైరుకి ఆ పొడుగు ఇంకా ఎక్కువ. సన్న టైరు అనగానే ఇసుక గుర్తొస్తుంది అందరికీ.

స్పానర్:
నాకు సన్న టైరే ఇష్టం, కానీ ఈయన జీరో ఆఫ్‌సెట్ వీల్స్ ఉంచుకుని 840 ఎత్తు టైరు వేస్తే వెనక లైనర్‌కి తగలడం పెద్దగా తగ్గదు. ముందు తేలాల్సింది వీల్ సంగతి. ప్లస్ 20 ఆఫ్‌సెట్ ఉంటే ఈ 285 టైరు లోపలి అంచు సరిగ్గా కంపెనీ టైరు అంచు ఉన్న చోటే ఉంటుంది, బయటికి 20 మాత్రమే వస్తుంది. పై కంట్రోల్ ఆర్మ్ దగ్గర సందు ఒకసారి వేలు పెట్టి చూసుకోవాలి, టైరు ఎత్తు పెరిగింది కాబట్టి.

లో_రేంజ్:
వీల్స్ ఇప్పుడే కొన్నాను, మళ్లీ మార్చమంటే ఇంట్లో యుద్ధమే. ఉన్నవాటితో ఏం చేయొచ్చు? బంప్ స్టాప్ పొడిగిస్తే ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) పోతుంది కదా?

పాతజీపు:
పోతుంది. అందుకే నేను కోసే పార్టీ. కోయడం అనగానే ఫెండర్ మీద రంపం అనుకుంటున్నారు, మీ కేసులో అది ప్లాస్టిక్ లైనరు. ముందు మడ్ ఫ్లాప్ తీసెయ్యండి, చాలా బళ్లకి మొదట తగిలేది అదే. తర్వాత హీట్ గన్‌తో లైనర్ వేడిచేసి వెనక్కి నొక్కి స్క్రూ వేస్తే ఆ వంపులోనే గట్టిపడుతుంది. దాని వెనక వాషర్ ట్యాంకు, వైర్లు ఉంటాయి, చూడకుండా వేడి పెట్టకండి. ఇంకా తగిలితే డోరు కింద బాడీ రేకులు కలిసే అంచు ఉంటుంది చూడండి, దాన్ని సుత్తితో వెనక్కి మడిచి వెంటనే ప్రైమరూ పెయింటూ వేయాలి. వేయకపోతే అక్కడి నుంచే తుప్పు మొదలు.

ఇవన్నీ చేసే ముందు అలైన్‌మెంట్ చూడండి. లిఫ్ట్ వేశాక క్యాస్టర్ (చక్రం తిరిగే ఆ బాల్ జాయింట్ల గీత పైన వెనక్కి వాలిన కోణం) తగ్గి ఉంటుంది. దాన్ని పెంచేటప్పుడు కింది ఆర్మ్‌ని ముందుకు తీసుకోమని అడగండి, చక్రం కొన్ని మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది. వెనక లైనర్‌కి తగిలేవాళ్లకి ఆ కాస్త చాలాసార్లు సరిపోతుంది.

స్పానర్:
ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ బంప్ స్టాప్‌ని అలా తోసిపారేయకండి. ముందు స్ప్రింగు తీసేసి, బండి స్టాండ్ల మీద పెట్టి, జాకీతో చక్రాన్ని బంప్ స్టాప్‌కి ఆనేదాకా ఎత్తండి. అక్కడ ఈ చివరి నుంచి ఆ చివరికి స్టీరింగ్ తిప్పండి. ఎక్కడ తగులుతోందో సుద్దతో గీత గీయండి. పైన లోహానికి 10 మిల్లీమీటర్లు తగులుతోందంటే చక్రం అంతకి కాస్త ముందే ఆగేలా బంప్ స్టాప్ కింద ప్యాకింగ్ చాలు, పోయే ట్రావెల్ కూడా అంతే. వెనక చక్రానికీ ఇదే చేయండి. లీఫ్ స్ప్రింగు నొక్కుకున్నప్పుడు సాగుతుంది కాబట్టి యాక్సిల్ కొంచెం వెనక్కి పోతుంది, ఆర్చ్ వెనక భాగంలో తగిలేది అందుకే.

బురదరాజా:
నిజం చెప్పండి, మెల్లగా పోతున్నప్పుడు ఎప్పుడో ఒకసారి ప్లాస్టిక్‌కి తగిలితే కొంపలేం మునిగిపోతాయి?

పాతజీపు:
ప్లాస్టిక్‌కైతే ఏమీ కాదు, నా బండికీ తగులుతుంది, పట్టించుకోను. రేకు అంచు సైడ్‌వాల్‌కి తగిలితే మాత్రం ఒక్కసారి చాలు. బ్రేక్ హోస్‌కి తగులుతుంటే బండి కదపొద్దు.

లో_రేంజ్:
మడ్ ఫ్లాప్ తీశాను, క్యాస్టర్ పెంచి చక్రం ముందుకి తెచ్చారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకి వెళ్తే తగలట్లేదు. రివర్స్‌లో మాత్రం ఇంకా సన్నగా వినిపిస్తోంది. ఎందుకలా?

స్పానర్:
రివర్స్‌లో, ముఖ్యంగా బ్రేక్ కొట్టినప్పుడు, ఆర్మ్‌ల చివర ఉండే రబ్బరు బుష్‌ల మీద లోడు తిరగబడుతుంది, చక్రం ఒకట్రెండు మిల్లీమీటర్లు కదులుతుంది. మిగిలింది హీట్ గన్ పనే, పాతజీపు చెప్పినట్టు చేయండి. అన్నట్టు, స్టెప్నీ కొలిచారా? చాలా బళ్లకి కింద వేలాడే చోట 831 పట్టదు, సైలెన్సర్ పైపుకో బంపర్‌కో ఆనుతుంది.

లో_రేంజ్:
అక్కడ ఇంకా పాత 265 ఉంది.

స్పానర్:
పంక్చరై దాన్ని ముందు యాక్సిల్‌కి వేయాల్సొస్తే గట్టి నేల మీద ఫోర్ వీల్ వేయకండి, రెండు పక్కలా ఎత్తు తేడా 28 మిల్లీమీటర్లు, డిఫరెన్షియల్ ఊరికే తిరుగుతూ వేడెక్కుతుంది. స్పీడోమీటర్ కూడా చూసుకోండి, 100 చూపిస్తుంటే ఇప్పుడు మీరు 103 దాటి పోతున్నారు.

బురదరాజా:
ఆఖరికి స్టెప్నీ కోసమైనా లేపాల్సిందే, నేను చెప్పలే?

ఇరుకుదారి:
స్టెప్నీ వేలాడేది ఫ్రేమ్‌కి బ్రో. బండి ఎంత లేపినా దాని చోటు అంతే.