పుట్టకొక్కులు: పైన కొయ్యాలా, మొదలుతో తియ్యాలా?

సోమిడి సీను:
ఆరుద్ర కార్తె వచ్చింది. మొన్న రాత్రి ఉరుములు దంచికొట్టాయి. నిన్న పొద్దున నర్సంపేట దగ్గర అత్తగారి పొలం గట్టు మీద, పాత పుట్ట చుట్టూ తెల్లగా పాతిక దాకా పుట్టగొడుగులు లేచాయి. మా నానమ్మ ఉంటే ఒక్క చూపుతో చెప్పేది. ఆమె పోయి ఆరేళ్లయింది. నాకు పుట్టకొక్కుల కూర తినడం వచ్చు, ఏరడం రాదు. కత్తితో కోసి బుట్టలో తెచ్చాను. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే ఒక పేరు చెప్పింది, బుట్ట కాస్త తిప్పితే ఇంకో పేరు చెప్పింది. ఇంట్లోవాళ్లు వెండి చెంచా వేసి ఉడికించమంటున్నారు, అది నల్లబడితే విషమట. ఫోటో పెట్టాను. తినేవేనా?

తాడ్వాయి బిడ్డ:
చూశాను తమ్మీ. గొడుగు నడుమ మొన తేలింది, అంచులు చీలాయి, పుట్ట దగ్గరే లేచాయి. మా దగ్గరైతే ఈపాటికి చింతచిగురు వేసి వండేవాళ్లు.

రిటైర్డ్ బాటనీ:
సీనూ, పొయ్యి వెలిగించకు. ఫోటోలో కాడ మొదలు ఎక్కడుంది? కత్తితో పైన కోసేశావు. నేలలో ఉన్న భాగం చూడకుండా తెల్ల పుట్టగొడుగును తినమని చెప్పడం తప్పు. అమానిటా అనే ప్రజాతిలో మనిషిని చంపేవి ఉన్నాయి. వాటి కాడ అడుగున చిన్న గిన్నెలాంటి తొడుగు ఉంటుంది. అది మట్టిలోనే ఉండిపోయి పైభాగం బుట్టలోకి వస్తే, చూసేవాడికి అదీ పుట్టకొక్కులాగే కనిపించవచ్చు.

కాజీపేట ప్యాసింజర్:
మా ఇంట్లో వెండి చెంచా లేదు. స్టీలుది సరిపోతుందా?

రిటైర్డ్ బాటనీ:
వెండి నల్లబడేది గంధకం వల్ల. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా కూడా నల్లబడుతుంది, అంటే గుడ్డు విషమా? వెల్లుల్లి రంగు మారడం, పురుగు తిన్నది మనిషికీ పనికొస్తుందనడం, అన్నీ ఆ కోవలోవే. అమానిటా విషం ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు.

తాడ్వాయి బిడ్డ:
చెంచా ముచ్చట మాది కాదు సార్, పట్నంలో పుట్టింది. మా అమ్మ ఏ రోజూ చెంచా వేయలేదు. ఇక మొదలుతో పీకమంటున్నారు చూడండి, అది మాత్రం చెప్పకండి. పుట్టకొక్కు కింద చెదల గూడు ఉంటుంది. దాని వేరు మూరెడు లోపలికి, గూటి దాకా పోతుంది. తవ్వితే గూడు చెడుతుంది. మళ్లీ ఏడాది అక్కడ లేవవు.

రిటైర్డ్ బాటనీ:
అది వేరు కాదు. పుట్టగొడుగులకు వేర్లుండవు. చెదలు నమిలిన ఆకులు, పుల్లలతో గూట్లో తోట కడతాయి, దాని మీద బూజు పెంచుకుంటాయి. ఆ బూజు వానలకు పైకి పంపే కాడే అది. నేలలో పొడుగ్గా సాగుతుంది, అంతే.

తాడ్వాయి బిడ్డ:
మా అమ్మ దాన్ని వేరనే అంటుంది. మీరు పేరు మారిస్తే అది పొట్టిదవుతుందా?

రిటైర్డ్ బాటనీ:
పేరు ముఖ్యమే. వేరు అంటే పిల్లలు మొక్క అనుకుంటారు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లల పేపర్లు దిద్దాను, ఆ తప్పు ఎన్నిసార్లు కొట్టేశానో నాకే తెలుసు.

నర్సంపేట లత:
సార్, వేరా కాడా తర్వాత. సీను తిన్నాడా లేదా?

సోమిడి సీను:
తినలేదు అక్కా. ఫ్రిజ్‌లో పెట్టాను.

నర్సంపేట లత:
నేను స్టాఫ్ నర్సును, కాబట్టి ఈ ఒక్క ముక్క చెప్పి తప్పుకుంటా. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలైతే మనిషి చాలావరకు కోలుకుంటాడు. ఆరు గంటలు దాటాక, పదీ పన్నెండు గంటలకు మొదలైతే మాకు ఎక్కువ టెన్షన్. అవి మరునాటికి తగ్గుతాయి కూడా. ఇంటికి పంపండని గొడవ పెడతారు. లోపల కాలేయం పాడవుతూనే ఉంటుంది, ఆ తర్వాత రెండు మూడు రోజులకు పచ్చబడతారు. తగ్గింది కదా అని వెళ్లకండి. పచ్చి ముక్క ఒకటి కాగితంలో చుట్టి తీసుకురండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే కుళ్లిపోతుంది.

రిటైర్డ్ బాటనీ:
లతమ్మ చెప్పిన ఆ ముక్క మా బావమరిది ఇంట్లో లేదు. నాలుగేళ్ల కిందట అపార్టుమెంటు గడ్డిలో లేచినవి ఏరి వండుకున్నారు. ఐదుగురికీ రెండు గంటల్లో వాంతులు. ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన చూసి తినేవేనన్నాడట. ఆసుపత్రిలో డాక్టరు ఏవి తిన్నారని అడిగితే ‘తెల్లవి’ అన్నారు. మరుసటి రోజు నేను వెళ్లి గడ్డిలో మిగిలినవి చూశాను. ముదిరినవాటి కింది రేకులు ఆకుపచ్చకు తిరుగుతున్నాయి. క్లోరోఫిల్లమ్ అనే విషపు రకం. లేతగా ఉన్నప్పుడు ఆ రేకులు తెల్లగానే ఉంటాయి. అందరూ బతికారు, కానీ ఆ రాత్రి నేను మర్చిపోను. అప్పటి నుంచి ‘మా పెద్దవాళ్లు చెప్పారు’ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

తాడ్వాయి బిడ్డ:
అపార్టుమెంటు గడ్డిలో పుట్ట ఎక్కడుంది సార్? ఆయన మాకు పెద్దమనిషి కాదు, మీ అపార్టుమెంటుకు చుట్టం.

శాన్‌హోసే రాము:
మాది పరకాల, ఉండేది కాలిఫోర్నియాలో. మన గడ్డివాముల దగ్గర వచ్చే వరిగడ్డి పుట్టగొడుగు తెలుసు కదా, లేతప్పుడు గుడ్డులా ఒక సంచిలో ఉంటుంది. ఇక్కడ ఓక్ చెట్ల కింద డెత్ క్యాప్ అని లేస్తుంది, అదీ అమానిటానే. లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. ఆసియా నుంచి వచ్చినవాళ్లు తమ ఊళ్లో తిన్నదే అనుకుని దీన్ని తిని చనిపోయారు. వాళ్లకు పుట్టగొడుగులు తెలియక కాదు, వాళ్ల ఊరివి బాగా తెలుసు.

తాడ్వాయి బిడ్డ:
నేననేదీ అదే. ఏ ఊరి కన్ను ఆ ఊరిది.

రిటైర్డ్ బాటనీ:
నేననేదీ అదే. కన్ను చాలదు. గొడుగు కోసి, రేకులు కిందికి ఉండేలా కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచాలి. విత్తనాల్లాంటి సిద్ధబీజాల పొడి రాలుతుంది. అమానిటాది తెలుపు, క్లోరోఫిల్లమ్‌ది ఆకుపచ్చ, పుట్టకొక్కుది లేత గులాబీ. తెలుపు కనబడాలంటే నల్ల కాగితం కావాలి. గులాబీ వచ్చిందని వెంటనే వండేయకండి, ఎంటొలోమా అనే విషపు రకాలదీ గులాబీ పొడే. అందుకే మొదలు చూడాలి, నేలలోకి సాగే ఆ పొడుగు కాడ, అంటే తోక ఉందా, గిన్నె ఉందా అని. తోక లేకపోతే పారేయడమే.

తాడ్వాయి బిడ్డ:
బియ్యం చల్లినట్టు నేలంతా గుంపుగా లేచే చిన్నవి ఉంటాయి, చూశారా? వాటికి మీరు చెప్పే తోక ఉండదు. అవీ చెదలవే, అవీ తింటాం. మీ లెక్కన పారేయాలి.

రిటైర్డ్ బాటనీ:
అది నిజం. ఆ చిన్నదాని పేరు మైక్రోకార్పస్. చెదలు గూడు ముక్కలను పైకి తెచ్చి పోసినచోట లేస్తుంది, అందుకే తోక ఉండదు. అయినా కొత్తవాడు దాన్ని వదిలేస్తే పోయేదేమీ లేదు. ఒక కూర పోతుంది. నేను అడిగేది గుంపులో ఒక్కటి మొదలుతో తియ్యమని.

తాడ్వాయి బిడ్డ:
ఒక్కటి! పోయినేడు రెండు కార్లలో వచ్చినవాళ్లూ ఒక్కటే అన్నారు. మా అమ్మ ఇరవై ఏళ్లుగా ఏరుకునే పుట్ట అది. కింద ఇంకా ఉంటాయేమోనని గడ్డపారతో కూలగొట్టారు, వీడియో తీసుకున్నారు, పోయారు. ఈ ఏడాది అక్కడ ఒక్కటి లేవలేదు. మీ ఫారంలలో పెంచుకునే రకం కాదు ఇది, చెదలు లేకుండా ఎవరూ పండించలేరు. ఆ పది రోజుల్లో రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మితేనే మా అమ్మ చేతికి నాలుగు రూపాయలు.

కాజీపేట ప్యాసింజర్:
మొన్న ములుగు రోడ్డులో కుప్ప మూడొందలు చెప్పారు. అందుకే ఏరుకుందాం అనిపిస్తుంది మరి.

తాడ్వాయి బిడ్డ:
అదిగో.

రిటైర్డ్ బాటనీ:
గడ్డపార పట్టుకొచ్చినవాళ్లతో నన్ను కలపకు. నేను ప్రాణాల గురించి మాట్లాడుతున్నాను, నువ్వు అమ్మకాల గురించి మాట్లాడుతున్నావు.

తాడ్వాయి బిడ్డ:
ఉన్నదున్నట్టు చెప్తాను సార్, కోపం చేసుకోకండి. మీరు తిని చస్తారని నాకు భయం లేదు. మీరు బతికి వచ్చే ఆదివారం మళ్లీ వస్తారనే నా భయం. మీరిక్కడ తోక ఇట్లా ఉండాలి, పొడి ఈ రంగు ఉండాలి అని రాస్తారు. చదివినవాడికి ధైర్యం వస్తుంది, కారు తీస్తాడు. అభయారణ్యంలో బయటివాళ్లు ఏదీ ఏరకూడదన్న సంగతి మాత్రం ఎవడికీ గుర్తుండదు.

రిటైర్డ్ బాటనీ:
అయితే మొదటి జవాబులోనే ‘చింతచిగురు వేసి వండుకో’ అని ఎందుకన్నావు? చెప్పకూడదనుకుంటే పూర్తిగా చెప్పకు. సగం చెప్పి సీనును పొయ్యి దగ్గరికి పంపావు. పోనీ దాచావే అనుకుందాం, మీ ఇళ్ల పిల్లలకైనా తెలుసా?

తాడ్వాయి బిడ్డ:
మా అక్క కొడుకు హనుమకొండలో చదువుతున్నాడు. వాడికీ తెలియదు. అమ్మ నోటితో చెప్పదు సార్. వెంట పోతే చూపిస్తుంది. వాడు వానాకాలం రాడు, కాలేజీ.

నర్సంపేట లత:
సీనూ, ఉన్నావా?

సోమిడి సీను:
ఉన్నాను అక్కా. సార్ చెప్పినట్టు నిన్న రాత్రి ఒక గొడుగు నల్ల కాగితం మీద పెట్టాను. పొడి లేత గులాబీ రంగులో పడింది. పొద్దున పొలానికి పోయి, పుట్టను ముట్టకుండా పక్కన లేచిన ఒకదాని చుట్టూ పుల్లతో మెల్లగా మట్టి తీశాను. తోక మూరెడు కాదు కానీ జానెడు వచ్చి తెగిపోయింది. గిన్నె లేదు. సంతోషపడ్డాను.

అప్పుడే అత్తగారి ఇంటి పక్క ముసలమ్మ వచ్చింది. బుట్ట ముందేసుకుని ఒక్కొక్కటి తిప్పి చూసి, నాలుగు తీసి అవతల పారేసింది. ఎందుకమ్మా అంటే ‘ఇవి కుక్కగొడుగులు, వేరేవి’ అన్నది. ఏం తేడా అంటే ‘కనపడట్లేదా?’ అన్నది. నాకు కనపడలేదు. ఆ నాలుగూ, మిగతావీ పక్కపక్కన పెట్టి గంట చూశాను. ఫోటో పెడుతున్నా, ఎడమవైపు ఉన్నవి ఆ నాలుగు.

రిటైర్డ్ బాటనీ:
వాటి కాడల మొదళ్లు?

సోమిడి సీను:
కత్తితో కోశాను కదా సార్. ఏది ఎక్కడ లేచిందో కూడా గుర్తు లేదు. బుట్టంతా పెంటలో వేశాను, ఆమె మంచివన్నవి కూడా.

తాడ్వాయి బిడ్డ:
ఫోటోలో నాకూ తెలియట్లేదు. చేతిలో ఉంటే చెప్పేవాణ్ని.

పునర్వసులో వాన పడితే మా ఇంటికి రా తమ్మీ. మా అమ్మ వెంట పోదువు. గడ్డపార వద్దు, వీడియో వద్దు.

రిటైర్డ్ బాటనీ:
నేనూ రావచ్చా?

తాడ్వాయి బిడ్డ:
కారులోనా సార్?

రిటైర్డ్ బాటనీ:
బస్సులో.