ఫోర్త్ వంతెన కట్టిందెవరు? ఆరల్ కంపెనీకి వచ్చిన పేరు ఎక్కువా?

స్పాన్‌లెక్క:
స్కాట్లాండులోని ఫోర్త్ రైలు వంతెన మాట ఎక్కడొచ్చినా "సర్ విలియం ఆరల్ కట్టింది" అంటారు. ఆరల్ కాంట్రాక్టరే, డిజైను జాన్ ఫౌలర్, బెంజమిన్ బేకర్‌లది. 1879లో టే వంతెన తుఫానుకు కూలాక చదరపు అడుగుకు 56 పౌండ్ల గాలి ఒత్తిడి తట్టుకునేలా లెక్క కట్టారు. అటు 680, ఇటు 680 అడుగుల కాంటిలీవర్లు (ఒక కొసనే ఆధారం ఉండి ముందుకు చాచిన చేతులు), మధ్యన 350 అడుగుల గర్డరు (దూలం), వెరసి 1,710 అడుగుల స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం). ఆరల్ వాళ్ళు డ్రాయింగు చూసి బిగించారు. దానికింత పేరా?

రివెట్‌సుత్తి:
వంతెన బరువు మోసే, 12 అడుగుల వ్యాసమున్న ఉక్కు ట్యూబును కాగితం మీద గీయడానికి ఎంతసేపు? దాన్ని చేయడం చూడండి. ప్లేట్లు కొలిమిలో కాల్చి, హైడ్రాలిక్ ప్రెస్సులో వంచి, చల్లారాక అంచులు చెక్కి, యార్డులో ట్యూబు మొత్తం ఒకసారి పేర్చేవారు. ట్యూబు చుట్టూ తిరిగే డ్రిల్లింగు యంత్రంతో పొరలన్నిటికీ కలిపి ఒకేసారి రంధ్రాలు వేసేవారు. ఆపైన నంబర్లు వేసి, విప్పి, వంతెన మీదికి ఎత్తేవారు. డ్రిల్లు కాకుండా పంచింగుతో, అంటే గుద్ది, రంధ్రం కొడితే చుట్టూ ఉన్న ఉక్కు బిరుసెక్కుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. ప్లేటుకి ప్లేటు విడిగా కొడితే రంధ్రాలు కలవవు, డ్రిఫ్టు (మొన తేలిన ఉక్కు కడ్డీ) పెట్టి లాగాలి, రంధ్రంలో రివెట్ (ప్లేట్లను కలిపి బిగించే ఉక్కు మేకు) నిండదు. 54 వేల టన్నుల ఉక్కు, దాదాపు 65 లక్షల రివెట్లు. ఆ యంత్రాలూ, హైడ్రాలిక్ రివెటరూ బేకర్ డ్రాయింగులో ఉన్నాయా?

క్రేన్‌బాబు:
వంతెనలు సరే, క్రేన్లు? గ్లాస్గో ఫినిస్టన్ క్రేన్ కూడా ఆరల్‌దేగా.

స్పాన్‌లెక్క:
కాదు. అది కార్లైల్ ఊరి కోవన్స్ షెల్డన్ వాళ్ళది, టవరు క్లీవ్‌లాండ్ బ్రిడ్జ్ వాళ్ళది. నా బాధ ఇదే, కనబడ్డ ఇనుమంతా ఆరల్ ఖాతాలో వేసేస్తారు. ఫోర్త్ పునాదుల కేసన్లు (నీటి అడుగుకు దించే పెద్ద ఇనుప డబ్బాలు) చేసింది ఆరల్ బ్రదర్స్. ఇంటిపేరు ఒకటే, ఈ ఆరల్‌తో చుట్టరికం లేదు.

క్రేన్‌బాబు:
మరి ఆరల్ వాళ్ళే చేసిన 1907 నాటి క్లైడ్‌బ్యాంక్ ఓడల యార్డు క్రేన్, టైటాన్? 150 టన్నులు ఎత్తేది, విద్యుత్తుతో నడిచేది. దానికి ముందు ఓడలోకి బాయిలరు ఎత్తాలంటే షీర్‌లెగ్స్, అంటే పైన కలిపి కట్టిన పొడవాటి కాళ్ళు. అవి ముందుకీ వెనక్కీ వంగుతాయంతే, పక్కకి తిరగవు, ఓడనే జరుపుకోవాలి. టైటాన్ చేయి చుట్టూ తిరుగుతుంది, దాని మీద ట్రాలీ నడుస్తుంది. ట్రాలీ లోపలికొచ్చినా బయటికెళ్ళినా బరువు ఎత్తు మారదు. వెనక పొట్టి చేతి మీద వించిలూ (తాడు చుట్టి బరువు లాగే యంత్రాలు) కౌంటర్‌వెయిటూ (సరితూకం బరువు). ట్రాలీ చివరికి పోయేకొద్దీ ఎత్తగల బరువు తగ్గుతుంది, అక్కడ ఏమరితే అంతే. అదీ కాంటిలీవరే కదండీ, ఫోర్త్‌లో చేసిన పనే.

చిన్నమాట:
లండన్ టవర్ బ్రిడ్జ్ ఉక్కు పని కూడా ఆరల్‌దే, 11,000 టన్నులు. హైడ్రాలిక్స్ మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళవి.

స్పాన్‌లెక్క:
అడిగింది ఫోర్త్ గురించి. క్రేన్ల జాబితా కాదు.

రివెట్‌సుత్తి:
మీతో ఎప్పుడూ ఇదే గొడవ. మొన్న బేరింగుల చర్చలోనూ షాపులో పనిచేసేవాళ్ళని "ఫిట్టర్లు" అని తీసిపారేశారు. మీ దృష్టిలో గీసినవాడు ఇంజనీరు, చేసినవాడు కూలీ. 1889 నవంబరులో మధ్య గర్డరు రెండు వైపుల నుంచీ వచ్చి కలవాల్సిన చోట చలికి బోల్టు రంధ్రాలు కలవలేదు. చెక్కపొట్టు, నూనె గుడ్డలు పరిచి మంట పెట్టి, ఉక్కును సాగదీసి బోల్టులు దించారు. ఇది ఏ డ్రాయింగులో ఉంది?

స్పాన్‌లెక్క:
ఎంత వేడికి ఎంత సాగుతుందో తెలిసినవాడే ఆ మంట పెట్టించాడు. అదీ లెక్కే. సరే, పని పద్ధతి అంతా కాంట్రాక్టరుదే అంటున్నారుగా, చావులు ఎవరి పద్ధతి? మొదట 57 అన్నారు, తర్వాత రికార్డులు వెతికితే 73 తేలింది. మెచ్చుకోలు ఆరల్‌కిచ్చి, చావులు గాలికీ ఎత్తుకీ రాసేస్తారు. నాకు మండేది దీనికి.

రివెట్‌సుత్తి:
ఇదేదో మొదటి పోస్టులోనే రాయాల్సింది. కాంటిలీవర్ల కింద పడవలు కాపలా ఉండేవి, నీళ్ళలో పడ్డ 8 మందిని తీశాయి. జబ్బుచేస్తే, దెబ్బ తగిలితే ఆదుకునే క్లబ్బు ఉండేది, పనివాళ్ళందరూ చందా కట్టాలి.

స్పాన్‌లెక్క:
చందా వాళ్ళ కూలిలోంచే. పడవ నీళ్ళలో పడ్డవాడికి పనికొస్తుంది, కింది స్టేజింగు (నిలబడి పనిచేసే చెక్కల మంచె) మీద పడ్డవాడికి కాదు. చేతిలోంచి జారిన స్పానరు కింద ఉన్నవాడి తల మీదే పడుతుంది. డ్రిల్లుకి యంత్రం కనిపెట్టిన బుర్రకి దీనికో అడ్డు తట్టలేదా?

రివెట్‌సుత్తి:
పైన కట్టుకుంటూ పోతుంటే స్టేజింగు కూడా రోజూ జరగాలి. ఆ రోజుల్లో ఎవరి సైటులో వల కట్టారో చెప్పండి. ఆరల్ ఒక్కడినే నిలదీస్తే ఎలా?

చిన్నమాట:
1969లో ఆరల్ కంపెనీని క్లార్క్ చాప్‌మన్ కంపెనీ కొనేసింది, 1986లో గ్లాస్గోలోని దాని డాల్‌మార్నక్ వర్క్‌షాపు మూసేశారు. ఇప్పుడు ఎవరిని నిలదీస్తారు.

క్రేన్‌బాబు:
1938లో టైటాన్‌ని 200 టన్నులకి పెంచారు. ఆ ఘనత గీసినవాడిదా, చేసినవాడిదా? ఇద్దరూ చెప్పండి.