పాన్‌కేక్‌ని అట్టు అనాలా, రొట్టె అనాలా?

అందరికీ నమస్కారం. అక్టోబరులో ఆకుల రంగులు చూద్దామని అమ్మానాన్నలని తీసుకుని ఇక్కడ అమెరికాలోనే ఉన్న వెర్మాంట్ రాష్ట్రానికి వెళ్లాం. రెండో రోజు పొద్దున్నే దారిలో ఒక చిన్న డైనర్‌లో టిఫిన్‌కి ఆగాం. మెనూలో ‘షార్ట్ స్టాక్’ ఉంటే అదే చెప్పాను. అంటే రెండో మూడో పాన్‌కేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఇస్తారు. పళ్లెం రాగానే అమ్మ, “ఇదేంటే, దిబ్బట్లు దొంతర పెట్టి తెచ్చింది!” అంది.

ఇన్నేళ్లుగా నేను పాన్‌కేక్ అనే అంటున్నాను. అమ్మ ఒక్క చూపులో రెండు తెలుగు మాటలు ఇచ్చేసింది. ‘స్టాక్’కి దొంతర గురించి చర్చే అక్కర్లేదు, కుండల దొంతర ఎలాగో ఇదీ అలాగే. ‘దిబ్బట్టు’ మీద మాత్రం మీ అందరి అభిప్రాయం కావాలి. నాకైతే ఆ మాట చాలా నచ్చింది.

నా వాదన ఇది. జారుగా ఉన్న పిండిని గరిటెతో పోస్తే అట్టు. ముద్దని తట్టో ఒత్తో కాలిస్తే రొట్టె. “అట్లు పోస్తున్నా” అంటాం గానీ “రొట్టెలు పోస్తున్నా” అనం. పాన్‌కేక్ పిండి జారుపిండే. పెనం మీద పోసి, పైన బుడగలు లేచి కన్నాలు పడ్డాక తిరగేస్తారు. పేరులో కేక్ ఉన్నా పని అంతా అట్టుదే. పుల్లమజ్జిగలో మైదా, బియ్యప్పిండి కలిపి పోసే మన పుల్లట్టుకీ బటర్‌మిల్క్ పాన్‌కేక్‌కీ చుట్టరికం దగ్గరిదే. కాకపోతే వాళ్లు వంటసోడా కూడా వేస్తారు. మజ్జిగలో పులుపు సోడాకి తగలగానే గ్యాస్ పుట్టి పిండి అప్పటికప్పుడు పొంగుతుంది, అందుకే అంత మందం వస్తుంది. ఆ మందానికి ‘దిబ్బ’ సరిగ్గా సరిపోయింది.

ఇంకో సంగతి. సినిమా టికెట్లు “హాట్‌కేకుల్లా అమ్ముడుపోయాయి” అని మన పేపర్లు రాస్తుంటాయి కదా, ఆ హాట్‌కేక్ పుట్టినరోజు కేక్ కాదు. అమెరికాలో పాన్‌కేక్‌కే అది ఇంకో పేరు. ఫ్లాప్‌జాక్ అన్నా ఇక్కడ ఇదే. బ్రిటన్‌లో ఫ్లాప్‌జాక్ అడిగితే మాత్రం ఓట్స్‌తో చేసిన తీపి ముక్క పెడతారు.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: మీ లెక్క దిబ్బరొట్టె దగ్గర నిలవదండీ. అదీ గరిటె జారుగా ఉన్న పిండే, మూకుట్లో పోసేదే. అయినా రొట్టె అనే అంటున్నాం. బొబ్బట్టు చేత్తో తట్టేదైనా అట్టు అయింది!

నా జవాబు: నిజమేనండీ, ఒప్పుకుంటున్నాను. పొయ్యడం ఒక్కటే కొలత కాదు. మా ఇంట్లో “దిబ్బరొట్టె వేస్తున్నా” అంటారు, “పోస్తున్నా” అని వినలేదు. మూతపెట్టి, సన్నటి సెగ మీద అడుగు ఎర్రగా గట్టిపడేదాకా కాలాలి. పాన్‌కేక్ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, పైన గట్టి పొర ఉండదు. అందుకే నా మొగ్గు ఇంకా అట్టు వైపే. బొబ్బట్టుకి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

ఇంకొకరు: పాన్‌కేకుల మీద పోసుకునే మేపుల్ సిరప్‌ని ఏమంటారు మరి? పాకం అనొచ్చు కదా?

నా జవాబు: దీని గురించే ఎక్కువ ఆలోచించానండీ. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెని చెరకు పానకంలో ముంచుకుని తింటారు. శ్రీరామనవమికి తాగే పానకం కాదు. చెరకురసం మరిగి బెల్లం కాకముందే దించేసిన చిక్కటి పానకం. మేపుల్ సిరప్ తయారయ్యేదీ అచ్చం అలాగే. చలికాలం చివర, రాత్రిళ్లు గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, మేపుల్ చెట్టు కాండానికి చిన్న రంధ్రం పెట్టి నీళ్లలాంటి రసం పడతారు. సుమారు 40 లీటర్ల రసం మరిగిస్తే 1 లీటరు సిరప్ మిగులుతుంది. నాన్న పళ్లెం చివర కాస్త నాకి, “చెరకు పానకమే, కాస్త పొగ వాసన ఉంది” అన్నారు. అందుకే ‘మేపుల్ పానకం’ అంటాను.

అదే వ్యక్తి: మా అనంతపురం వైపు పానకం అంటే తాగేదేనమ్మా. పాకమే నయం.

నా జవాబు: పాకంతో ఒక చిక్కు ఉందండీ. మనం పాకాన్ని చిక్కదనంతో కొలుస్తాం: లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం. మేపుల్ సీసా మీద ఉండే గోల్డెన్, అంబర్, డార్క్ అన్నవి రంగుకీ రుచికీ సంబంధించినవి, చిక్కదనం మారదు. డార్క్‌ని ‘ముదురుపాకం’ అంటే వినేవాళ్లు గట్టిపడేదేమో అనుకుంటారు. చక్కెరతో కాచేదాన్ని పాకం అనీ, చెరకుదైనా చెట్టుదైనా రసం మరిగించి దించేదాన్ని పానకం అనీ వేరు చేసుకుంటే ఎలా ఉంటుంది? తెలంగాణలో, ఉత్తరాంధ్రలో ఆ చిక్కటి చెరకు ద్రవాన్ని ఏమంటారో అక్కడివాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.