పాత ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ చెదిరితే ‘ప్యానెల్ పోయింది’ అన్న మాటను వెంటనే నమ్మాలా?

తార్నాక నివాసి (ప్రశ్న):

మా ఇంట్లో 2014లో కొన్న 40 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ ఉంది. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి ఉదయం టీవీ పెట్టగానే తెరలో కుడి సగం చెదిరిపోయి కనిపిస్తోంది. వార్తలు చదివే వ్యక్తి ముఖం పక్కనే అదే ముఖం నీడలా మరోసారి పడుతుంది, చర్మం రంగు ఫోటో నెగటివ్‌లో ఉన్నట్లు మారిపోతుంది. ఎడమ సగం మాత్రం శుభ్రంగా ఉంటుంది. కాసేపు నడిచాక కుడివైపు కూడా చాలావరకు సర్దుకుంటుంది. పిలిపించిన మెకానిక్ వెనుక మూత విప్పకుండానే చూసి, ప్యానెల్ (బొమ్మ కనిపించే గాజు తెర భాగం) పోయిందనీ కొత్త టీవీ కొనుక్కోవడం మేలనీ చెప్పి, వచ్చినందుకు చార్జీ తీసుకుని వెళ్ళిపోయారు. మా బావగారు కూడా అదే అంటున్నారు. టీవీకి పదేళ్ళు దాటాయన్న ఒక్క కారణంతో ఆ మాట నమ్మవచ్చా?

కూకట్‌పల్లి నుంచి:

నా అభిప్రాయంలో మీ బావగారి మాటే సరైనది. టీవీ ధరలో పెద్ద భాగం ప్యానెల్‌దే కాబట్టి, నిజంగా ప్యానెల్ పోయి ఉంటే బాగు చేయించడం అన్నది ఎలాగూ లెక్కకు రాదు. ఒకవేళ బోర్డే పోయిందనుకున్నా, పదేళ్ళ నాటి మోడల్‌కు కంపెనీ దగ్గర స్పేర్లు దొరకడం కష్టం. బయట దొరికేవి చాలావరకు విరిగిన టీవీల నుంచి తీసినవి, వాటికి గ్యారంటీ ఇచ్చేవారు తక్కువ. ఈ రోజు ఒక బోర్డు మార్చితే రేపు బ్యాక్‌లైట్ పోతుంది, ఆ తర్వాత ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా. పాతదాని మీద పెట్టే ప్రతి రూపాయీ కొత్తదాని నుంచి తీసి పెడుతున్నదే.

మలక్‌పేట నుంచి (పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి విశ్రాంతి తీసుకున్నవారు):

కూకట్‌పల్లి మిత్రులు చెప్పిన ఖర్చుల లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ఆ లెక్క వేయడానికి ముందు ఏది చెడిందో తెలియాలి కదా. ఇక్కడ అది తెలుసుకునే ప్రయత్నమే జరగలేదు. మూత విప్పకుండా ప్యానెల్ మీద తీర్పు చెప్పడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను, ఎందుకంటే బొమ్మ చెదిరే తీరులోనే లోపం ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది, దానికి కొద్దిపాటి ఓపిక చాలు.

మొదట రిమోట్‌తో టీవీ సొంత మెనూ తెరవండి. మెనూ అక్షరాలు స్పష్టంగా ఉండి బొమ్మ మాత్రమే చెదిరితే దోషం టీవీ తెరది కాదు, సెట్‌టాప్ బాక్సుదో హెచ్‌డీఎమ్‌ఐ తీగదో అవుతుంది. వానాకాలంలో డిష్ నుంచి వచ్చే బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలిపోవడం ఈ కోవలోకే వస్తుంది, దానికి టీవీని నిందించి ప్రయోజనం లేదు. మెనూ కూడా బొమ్మతో పాటే చెదిరితే లోపం మెయిన్ బోర్డు నుంచి గాజు వరకు ఉన్న దారిలో ఎక్కడో ఉంది.

ఆ దారి ఇలా ఉంటుంది. మెయిన్ బోర్డు నుంచి ఎల్‌వీడీఎస్ అనే తీగ ద్వారా బొమ్మ టీకాన్ బోర్డుకు చేరుతుంది. ఏ గడి ఏ క్షణాన ఎంత వెలుతురు వదలాలో లెక్కగట్టి ప్యానెల్‌కు పంపేది ఈ టీకాన్ బోర్డే. మీ పరిమాణం టీవీల్లో చాలావాటిలో టీకాన్ నుంచి రెండు వెడల్పాటి రిబ్బన్లు బయలుదేరి, ఒకటి తెర ఎడమ సగానికి, మరొకటి కుడి సగానికి వెళతాయి. మీ టీవీలో సరిగ్గా సగమే చెదురుతోందన్న మాట నా దృష్టిలో చాలా ముఖ్యమైనది. పవర్ బోర్డులో కెపాసిటర్ ఉబ్బి ఉంటే తెర మొత్తం మీద ప్రభావం కనిపించాలి గానీ ఒక పక్కనే కాదు. కాబట్టి నా అనుమానం కుడి రిబ్బన్ మీద, దాని సాకెట్ మీద, ఆ తర్వాతే టీకాన్ మీద. ఆ రిబ్బన్ చివర బంగారు రంగు పూత ఉన్న సన్నని పళ్ళు వరుసగా ఉంటాయి. గోడకు తేమ ఎక్కే ఇళ్ళలో కొన్నేళ్ళకు అవి మసకబారి, ఒకటి రెండు చోట్ల పచ్చటి మరక కూడా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెల్లగా తుడిచి, తిరిగి నిటారుగా కూర్చోబెట్టి, లాక్ వేయడంతో బాగుపడిన టీవీలను నేను చూశాను. పెట్టగానే చెదిరి, వేడెక్కాక సర్దుకోవడం కూడా సరిగా అంటని కాంటాక్టుల లక్షణమే.

ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. ఈ పని ఇంట్లో మీరే చేయవద్దు. ప్లగ్ తీసేసినా పవర్ బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు మించిన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.

చిక్కడపల్లి నుంచి (టీవీ మెకానిక్):

మాస్టారు గారు చెప్పిన క్రమం సరైనదే. కానీ రెండు విషయాల్లో వారితో విభేదించక తప్పదు.

మొదటిది, చలిలో చెదిరి వేడెక్కాక సర్దుకుంటే అది కాంటాక్టుల లోపమే అనుకోవడానికి వీల్లేదు. మీ టీవీ కాలం నాటి చాలా ప్యానెళ్ళలో వరుసలను తెరిచి మూసే గేట్ సర్క్యూట్‌ను విడి చిప్పులుగా కాకుండా గాజు అంచుల మీదే ముద్రించారు. అందులోని సిలికాన్ ట్రాన్సిస్టర్లు చలికి మందకొడిగా పనిచేస్తాయి. పాతబడినకొద్దీ ఆ బలహీనత పెరిగి, ఉదయం పూట బొమ్మ జంటగా పడటం, రంగులు తిరగబడటం కనిపిస్తుంది. అంటే మీరు చెప్పిన లక్షణాలు నిజమైన ప్యానెల్ లోపానికి కూడా సరిపోతాయి. తేడా తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. తార్నాక వారు దయచేసి తెర మధ్యలో గమనించండి. బాగున్న సగానికీ చెదిరిన సగానికీ నడుమ కత్తితో కోసినట్లు నిలువు గీత ఉంటే రిబ్బన్, టీకాన్, లేదా ఆ పక్క డ్రైవర్ బోర్డు (టీకాన్ సంకేతాలను గాజుకు అందించే సన్నని బోర్డు) మీద అనుమానం పెట్టుకోవచ్చు. అలా కాకుండా కుడి అంచున ఎక్కువగా ఉండి, మధ్యకు వచ్చేకొద్దీ క్రమంగా తగ్గుతుంటే అది గేట్ వైపు లోపం, అంటే గాజుదే.

రెండవది, మూత విప్పకుండా చెప్పిన మెకానిక్ గురించి. నేనూ విప్పకుండా చెప్పడాన్ని ఒప్పుకోను. అయితే మూత విప్పి, మీటరు పెట్టి, గంటసేపు కూర్చుని పరీక్షించినా చివరకు బాగు కాదని తేలితే ఆ గంటకు డబ్బు ఇవ్వడానికి చాలామంది ఇష్టపడరు. అందుకే కొందరు చూపుతోనే చెప్పి వెళ్ళిపోతున్నారు. పరీక్షకు వేరుగా, మరమ్మతుకు వేరుగా ధర ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ మంచిది.

స్పేర్ల విషయంలో కూకట్‌పల్లి వారు చెప్పినంత కరువేమీ లేదు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. కాకపోతే టీవీ మోడల్ నంబరు చెప్పి టీకాన్ అడిగితే తప్పు బోర్డు చేతికి వస్తుంది. ఒకే మోడల్‌లో వేర్వేరు కంపెనీల ప్యానెళ్ళు వేస్తారు కాబట్టి, ప్యానెల్ వెనుక స్టిక్కర్ మీద ఉన్న నంబరు, టీకాన్ మీద ముద్రించిన నంబరు, రెండూ పట్టుకుని వెళ్ళాలి.

కూకట్‌పల్లి నుంచి:

స్పేర్ల గురించి చెప్పినది ఒప్పుకుంటున్నాను. అయినా ఒక ప్రశ్న ఉంది. గేట్ వైపు లోపం ఉంటే రిబ్బన్ పళ్ళ మీద టేపు అంటించి ‘బాగైంది’ అని పంపే దుకాణాలు ఉన్నాయి. మా బంధువుల టీవీకి అలాగే చేశారు, కొద్ది నెలలకే మళ్ళీ చెడింది. టేపు వేశామని వారికి ఎవరూ చెప్పలేదు, బిల్లులో మాత్రం ప్యానెల్ రిపేరు అని రాశారు. ఇలాంటి మరమ్మతును మీరు సమర్థిస్తారా?

చిక్కడపల్లి నుంచి:

చెప్పకుండా చేయడాన్ని సమర్థించను. ఆ పద్ధతి వెనుక కారణం మాత్రం ఉంది. గాజుకు రెండు అంచుల నుంచీ గేట్ సంకేతాలు అందే ప్యానెళ్ళలో ఒక పక్క షార్ట్ అయితే అది రెండో పక్కను కూడా లాగేస్తుంది. ఆ పక్కకు వెళ్ళే క్లాక్ గీతలను (వరుసలు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సంకేతాల దారులను) టేపుతో ఆపితే మిగిలిన పక్క ఒంటరిగా మొత్తం వరుసలను నడుపుతుంది. బొమ్మ తిరిగి వస్తుంది, కానీ ఆ పక్క మీద భారం రెట్టింపవుతుంది. కొన్ని టీవీలు అలా ఏళ్ళ తరబడి నడిచాయి, కొన్ని త్వరగా పోయాయి, ఎంతకాలం నడుస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. నా దుకాణంలో ఈ పని చేస్తే బిల్లు మీద ఆ మాటే రాసి, తక్కువ డబ్బు తీసుకుంటాను. కొత్త టీవీ కొనే స్తోమత అప్పటికప్పుడు లేని ఇంటికి ఆ కొద్ది కాలం కూడా విలువైనదే.

మలక్‌పేట నుంచి:

చలి గురించి చిక్కడపల్లి వారు చెప్పిన సవరణను స్వీకరిస్తున్నాను. మధ్య గీతను పరిశీలించమన్న సూచన నేను చెప్పినదానికంటే నిక్కచ్చిగా ఉంది. టేపు విషయంలో మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. షార్ట్ ఉన్న ప్యానెల్‌కు టీకాన్ నుంచి విద్యుత్తు అందుతూనే ఉంటుంది కాబట్టి, టేపు వేసిన తర్వాత టీకాన్ చిప్పులు చేతికి కాలేంత వేడెక్కుతున్నాయేమో కొంతసేపు నడిపి చూడకుండా టీవీని ఇంటికి పంపకూడదు.

తార్నాక నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం మీరు చెప్పినట్లే చూశాను. మెనూ కూడా కుడివైపు జంటగానే పడుతోంది. మధ్యలో పై నుంచి కింది దాకా ఒకే తిన్నని గీత ఉంది, ఎక్కడా క్రమంగా తగ్గడం లేదు. పరీక్షకు వేరుగా డబ్బు ఇస్తానని చెప్పి వేరే మెకానిక్‌ను శనివారం రమ్మన్నాను. వారిని ముందుగా ఏమి చేయమనాలి?

చిక్కడపల్లి నుంచి:

గీత అంత తిన్నగా ఉంటే గాజు బాగుండే అవకాశం ఎక్కువ. ముందు కుడి రిబ్బన్‌ను రెండు చివరలా తీసి, తుడిచి, మళ్ళీ పెట్టమనండి. టీవీ చల్లగా ఉన్నప్పుడే ఫలితం చూడాలి, కాబట్టి ఉదయం వేళకే రమ్మనండి, అంతకుముందు టీవీ పెట్టవద్దు. తుడిచినా మార్పు లేకపోతే టీకాన్ నంబరు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, సరిపోయే బోర్డు ఏదో చెబుతాను. టీకాన్ మార్చినా గీత అక్కడే ఉంటే ఆ పక్క డ్రైవర్ బోర్డు, దాన్ని గాజుకు కలిపే అతుకు (బాండింగ్) మిగులుతాయి. అక్కడి నుంచి ఖర్చు పెరుగుతుంది, అప్పుడు మీ బావగారి సలహా తీసుకోండి.